భాను తాగిన నీళ్లు

“బీరువాని నిలబెట్టి తేకూడదు నాన్నా, పడుకోబెట్టాలి. దానికి అద్దం ఉంది. మంచం మనకెందుకు, వాళ్లనే ఉంచుకోమందాం” అన్నాడు జయంత్.

తాడేపల్లిగూడెంలో సుందరరావుగారి వాకిట్లో వ్యాను అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఎరువుల కొట్టుకి బస్తాలు మోసే వ్యాను. ఆదివారం కనక కొట్టుకి సెలవు, వ్యానుకి మాత్రం లేదు. అత్తవారింటి నుంచి చెల్లెలి సామాను తేవడానికి అది కొల్లేటి పక్కనున్న శ్రీపర్రు దాకా వెళ్లాలి.

“సామాను సంగతి తర్వాతరా. ముందు మాట్లాడాలి కదా” అన్నారు సుందరరావుగారు. ఆ మాటలో ఆయనకే నమ్మకం లేదు.

“ఇంకేం మాట్లాడతారు బావగారూ? తాడో పేడో ఇవాళ తేలిపోవాలంతే” అన్నాడు తాతాజీ. సుందరరావుగారి భార్య భాగ్యలక్ష్మిగారి తమ్ముడాయన. పంచాయితీ అంటే చాలు, పెళ్లి భోజనానికి బయల్దేరినంత హుషారుగా ఉంటుంది ఆయనకి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండో కాఫీ కూడా తాగేసి, కండువా సర్దుకుంటూ కూర్చున్నాడు.

దుర్గ వసారా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పేరు శ్రీదుర్గ, ఇంట్లో అందరికీ దుర్గ. అందరూ తన గురించే మాట్లాడుతున్నారు, ఎవరూ తనతో మాట్లాడటం లేదు. ఆమె కళ్లు చేతిలోని ఫోన్ మీద ఉన్నాయి. ఫోన్లో ఒక నీలం గీత. నిన్న మధ్యాహ్నం ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏమైంది? ఎందుకు తాగడం మానేశారు?

“అన్నయ్యా, ఇవాళ వద్దు” అంది.

“ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? నువ్వొచ్చి నెల కావస్తోంది. ఆ మనిషి దగ్గర్నుంచి ఒక్క ఫోన్ వచ్చిందా? పోనీ ఉన్నావో పోయావో అని ఒక్క కబురు?”

“వచ్చింది.”

వసారా అంతా ఆమె వైపు తిరిగింది. వంటింట్లోంచి భాగ్యలక్ష్మిగారు తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చారు.

“ఏమన్నాడే? ఎప్పుడు చేశాడు?”

దుర్గకి చెప్పక తప్పలేదు. చెప్తే నవ్వుతారని తెలుసు. ఇన్నాళ్లూ తనొక్కతే దాచుకుని బతికిన సంగతి అది. పొద్దున్న లేవగానే చూసుకునేది, అన్నం తినబోయే ముందు చూసుకునేది, బట్టలు ఆరేస్తూ చూసుకునేది. ఆ సంగతి ఇప్పుడు నలుగురి మధ్యా పెట్టాలంటే ఒంటిమీది కొంగు లాగేసినట్టుంది.

“ఫోన్ కాదు. నీళ్లు తాగుతున్నారు.”

“ఏంటీ?”

ఆమె ఫోన్ తిప్పి చూపించింది. కిందటి ఏడు భర్త భానుప్రకాష్‌కి కిడ్నీలో రాయి వచ్చినప్పుడు, మంచినీళ్లు బాగా తాగాలని డాక్టరు చెప్తే, తను పట్టుబట్టి కొనిపించిన స్టీలు బాటిల్ ఉంది కదా, దాని లెక్కే ఇది. బాటిల్లోంచి నీళ్లు తగ్గినకొద్దీ ఫోన్లో గీత పెరుగుతుంది. అది ఆయన ఫోన్లోనూ కనిపిస్తుంది, తన ఫోన్లోనూ కనిపిస్తుంది.

“నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఈ గీత సగం కూడా ఎక్కేది కాదు నాన్నా. చెరువు గట్టు మీద టీలు, సోడాలే తప్ప ఆయనకి మంచినీళ్లు సయించవు. నేనొచ్చేసిన మూడోనాటి నుంచీ చూడండి. రోజూ నిండుతోంది. ఒక్కరోజు తప్పలేదు. మాటల్లో చెప్పడం చేతగాని మనిషి ఆయన. ఇలా చెప్తున్నారు.”

జయంత్ పగలబడి నవ్వాడు. “బాగుందమ్మా! మా బావ నీళ్లు తాగితే నీకు ప్రేమలేఖ అందినట్టా? ఇంకా నయం, బాత్రూమ్‌కి వెళ్తే రిజిస్టర్ పోస్టు అనలేదు.”

“నోర్ముయ్యరా!” అని కసిరారు సుందరరావుగారు.

తాతాజీకి మాత్రం ఇలాంటివి బుర్రకెక్కవు. “మరి ఆ బాటిల్ మూలానే కదమ్మా గొడవంతా! అదే బాటిల్తో రాజీ ఎలా అవుతుంది?”

నిజమే. గొడవ దాని మూలానే. భాను చేపల చెరువులో పట్టుబడి రోజున గట్టు మీద వ్యాపారులూ, వలలవాళ్లూ, లారీవాళ్లూ కిటకిటలాడుతున్నారు. భాను చేతులు బురద. మోగుతున్న ఫోన్ ఎవరో ఎత్తి స్పీకర్లో పెట్టారు. “ఏవండీ, పొద్దుట్నుంచీ ఒక్క గుక్క కూడా తాగలేదు మీరు, నాకిక్కడ కనిపిస్తూనే ఉంది” అన్న దుర్గ గొంతు గట్టంతా వినపడింది. “భానూ, పాలసీసా తాగేశావా నాన్నా!” అని ఒకడు అన్నాడు, మిగతావాళ్లు విరగబడి నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ఆడవాళ్లకే అనుకుంటారు గానీ, మగవాళ్లకి రెండింతలు వర్తిస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అతనన్న మాటలు దుర్గ చెవుల్లో ఇంకా ఉన్నాయి. “మొగుణ్ణనుకున్నావా, కట్టేసిన దూడననుకున్నావా? గుక్కగుక్కకీ కాపలా ఏంటి?” అన్నాడు. “నొప్పితో నేలమీద దొర్లింది మీరు, చూసింది నేను” అంది తను. “చూడలేకపోతే మీ పుట్టింట్లో కూర్చో” అన్నాడు. అంతే. కూర్చుంది.

“నీళ్లు తాగడానికేం, దాహమేస్తే ఎవరైనా తాగుతారే పిచ్చితల్లీ” అన్నారు భాగ్యలక్ష్మిగారు. తల్లి గొంతులో జాలి వినేసరికి దుర్గకి ఏడుపు తన్నుకొచ్చింది. కోప్పడినా బావుండేది.

“నీకు తెలీదమ్మా. నాకు తెలుసు.”

“తెలిస్తే మరి నిన్నట్నుంచీ ఎందుకు కదల్లేదు నీ గీత?” అన్నాడు జయంత్, ఫోన్లోకి తొంగిచూసి. “పెద్దలు వస్తున్నారని మావయ్య కబురు పెట్టింది నిన్ననే కదా. అదే జవాబు. ఆయన తేల్చేసుకున్నాడు. నువ్వే తేల్చుకోలేదు.”

రాత్రంతా దుర్గ అనుకున్నదీ అదే.

సుందరరావుగారు లేచారు. “సరే పదండి, ఎండెక్కకముందే” అంటుండగా దుర్గ చేతిలో ఫోన్ చిన్నగా కూసింది.

బాటిల్ దగ్గరలో ఉందని చెప్పే కూత అది. శ్రీపర్రులో, భాను చెరువు నుంచి ఇంటి వీధి మలుపు తిరిగినప్పుడల్లా కూసేది. ఆ కూత వినగానే తను పొయ్యి మీద కూర గిన్నె పెట్టేది.

ఆయనొచ్చారు!

ఎవరేమనుకుంటారో చూసుకోలేదు. చెప్పులు లేకుండా, చెదిరిన జడతో, వసారా మెట్లు దిగి గేటు దగ్గరకి పరిగెత్తింది. “దుర్గా, ఎక్కడికే!” అని తల్లి అరుస్తూనే ఉంది. నెల రోజుల బెంగ అంతా కాళ్లలోకి వచ్చేసింది. ఏమనాలి? ఏమీ అనకూడదు. ముందు కళ్లారా చూసుకోవాలి, తర్వాత ఏడవొచ్చు, ఆ తర్వాత తిట్టొచ్చు.

గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి దిగింది ఆమె అత్తగారు, వెంకటనరసమ్మ. ఒక్కతే. నలిగిన నేతచీర, భుజానికి గుడ్డసంచీ. సంచీలోంచి స్టీలు బాటిల్ మూత బయటికి కనిపిస్తోంది.

దుర్గ ఆటోలోకి వంగి చూసింది. ఇంకెవరూ లేరు.

“ఆయన రాలేదా అత్తయ్యగారూ?”

“లోపలికి పదమ్మా” అంది ఆవిడ.

ఏ ఇంటి మీదికి దండెత్తి వెళ్లబోతున్నారో ఆ ఇంటి మనిషే వచ్చి గుమ్మంలో నిలబడింది. తాతాజీ కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు.

“రండి వదినగారూ, కూర్చోండి” అన్నారు భాగ్యలక్ష్మిగారు. కోపం కోపమే, మర్యాద మర్యాదే. “దుర్గా, అత్తయ్యగారికి మంచినీళ్లు తీసుకురా.”

దుర్గ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గుమ్మంలోకి వచ్చిన మనిషి ముందు గొంతు తడుపుకోవాలి, ఆ తర్వాతే కబుర్లయినా, కయ్యాలయినా. ఆవిడ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

“తాగండి వదినగారూ.”

“ఇక్కడ నీళ్లు ముట్టే మొహం లేదండీ నాకు. ముందు చెప్పనివ్వండి.” ఆవిడ కోడలి వైపు తిరిగింది. “అమ్మాయ్, భాను ఏలూరులో ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం చెరువు గట్టు మీదే పడిపోయాడు. రాయి మూత్రం దారికి అడ్డం పడిందంట. జ్వరం కూడా వచ్చేసింది. ఇవాళ ఆపరేషన్ చేస్తామన్నారు.”

దుర్గ ఫోన్ తీసి ఆవిడకి చూపించింది. “అలా ఎలా అవుతుందండీ? రోజూ తాగుతున్నారుగా! నేను చూస్తూనే ఉన్నాను కదా!”

“వాడు తాగలేదమ్మా.”

“మరి?”

“నేను పారబోశాను.”

ఎవరికీ అర్థం కాలేదు. వెంకటనరసమ్మ గ్లాసు కింద పెట్టింది. తల వంచుకుని, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

“నువ్వెళ్లిన రోజునే వాడా బాటిల్ తీసి అటక మీదికి విసిరేశాడు. కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఇంట్లో పడేశాడు. పక్కింటి సింధూరి ఉంది కదా, ఇంజినీరింగ్ పిల్ల, అది ఆ ఫోన్ చూసి, ‘మామ్మగారూ, అక్క రోజూ ఇందులో చూస్తోందండీ, చూసినప్పుడల్లా ఇక్కడ చిన్న కన్ను గుర్తు పడుతోంది’ అంది. నేను చూశాను. పొద్దున్న కన్ను, మధ్యాహ్నం కన్ను, సాయంత్రం కన్ను. అయ్యో, ఈ పిల్ల వెళ్లిందే గానీ చూపంతా ఇక్కడే వదిలేసి వెళ్లిందే అనుకున్నాను. ఆ గీత కదలకపోతే కొన్నాళ్లకి చూడ్డం మానేస్తావేమోనని భయమేసిందమ్మా.”

“అందుకని?”

“బాటిల్ దింపి నీళ్లు నింపాను. ఒకేసారి కుమ్మరిస్తే అది లెక్కలోకి రాదంట, తాగినట్టే కొంచెం కొంచెం పొయ్యాలని సింధూరి చెప్పింది. అరుగు మీద కూర్చుని, కాసిన్ని కాకరపాదుకి, చెరువు నుంచి వచ్చినవాళ్ల దోసిట్లోకి కాసిన్ని. మా ఊళ్లో బావినీళ్లు ఉప్పన కదా, కొనుక్కొచ్చిన టిన్ను నీళ్లు పాదుకి పోస్తోంది, ముసలిదానికి మతిపోయిందని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. సాయంత్రానికి గీత నిండితే, మా కోడలు అక్కడ ఒక ముద్ద ఎక్కువ తింటుందిలే అనుకునేదాన్ని.”

దుర్గకి నిజంగానే ఒక ముద్ద ఎక్కువ దిగేది. ఆ సంగతి ఈవిడకెలా తెలిసిందో! ఒక్క క్షణం ఆ చేతులు పట్టుకోవాలనిపించింది. వెంటనే మండిపోయింది.

“ఎంత పని చేశారండీ! ఆ గీత ఖాళీగానే ఉండుంటే నేనెప్పుడో పరిగెత్తుకొచ్చేదాన్ని. మానం మర్యాదా చూసుకోకుండా వచ్చి తాగించేదాన్ని. బాగున్నారులే అని నేనిక్కడ నిబ్బరంగా కూర్చున్నాను. మీరు నాకు నీళ్లు కాదు, కళ్లలో కారం పోశారు.”

“అవునమ్మా” అంది వెంకటనరసమ్మ.

ఆ ఒక్క మాటకి దుర్గ కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. వాకిట్లో ఆటోవాడు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఇన్నాళ్ల గీతలూ అత్తగారివైతే, ఆయనవేం మిగిలాయి?

“ఆయన... నన్ను పిలవమన్నారా అత్తయ్యగారూ?”

అబద్ధం చెప్పేస్తే ఎంత తేలిక! చెప్పేయండి వదినగారూ అన్నట్టు భాగ్యలక్ష్మిగారు కూడా కళ్లతోనే బతిమాలారు. వెంకటనరసమ్మ తల అడ్డంగా ఊపింది.

“ఇంకో అబద్ధం ఆడలేనమ్మా. పిలవమనలేదు. దుర్గకి చెప్పొద్దన్నాడు. నేను చెప్పకుండా వచ్చాను.”

జయంత్ ఇంక ఆగలేకపోయాడు. “విన్నావా? చెప్పొద్దన్నాడంట! పిలవని పేరంటానికి పసుపు రాసుకుని వెళ్తావా? ఇన్నాళ్లూ మోసం చేసిందీ వాళ్లే, ఇప్పుడు చాకిరీకి కావలసొచ్చిందీ వాళ్లకే!”

“తప్పురా, పెద్దావిడ” అన్నారు సుందరరావుగారు. కూతురి వైపు చూశారు. “నీ ఇష్టం తల్లీ. వెళ్తానన్నా, వద్దన్నా నేను కాదనను.”

పిలవలేదు. ఒక్క గుక్క తాగలేదు. బాటిల్ తీసి అటక మీద పడేశారు. ఒక్కొక్కటీ ఎంచుకుంటే వెళ్లడానికి దారి కనపడటం లేదు. అయినా మనసు అప్పటికే ఏలూరు చేరిపోయి, ఏ వార్డో, ఏ మంచమో వెతుక్కుంటోంది. ఇంక ఇక్కడ మిగిలింది కాళ్లే.

దుర్గ వంగి గ్లాసు తీసి అత్తగారి చేతికిచ్చింది. “ముందు తాగండి. పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండరు” అంది. తర్వాత చెప్పులేసుకుంది. “అన్నయ్యా, వ్యాను తియ్యి. ఏలూరు వెళ్దాం.”

జయంత్ తండ్రి మొహం చూశాడు, మావయ్య మొహం చూశాడు. వ్యాను తాళాలు తీసుకున్నాడు.

వ్యాను ముందు సీట్లో ముగ్గురే పట్టారు. ఎరువుల వాసన. వ్యాను ఉంగుటూరు దాటింది. రోడ్డు పక్క కాలవలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. ఎంత నీరు! ఎటు చూసినా నీరే. చేలల్లో నీరు, కాలవల్లో నీరు, అటు వెళ్తే కొల్లేరంతా నీరు. అంత నీటి మధ్య పుట్టి పెరిగిన మనిషి గొంతులోకి ఒక గ్లాసుడు పంపడం ఇంత కష్టమైపోయిందే అనుకుంది దుర్గ.

“వాడు నీ గురించి ఎప్పుడైనా అనేవాడా అని అడగవేంటమ్మా?” అంది వెంకటనరసమ్మ, భీమడోలు దగ్గర.

“అడగనండీ.”

“ఎందుకు?”

“మీరు మంచివారు. నా మొహం చూసి ఏదో ఒకటి కల్పించి చెప్తారు.”

జయంత్ గేరు మార్చి గొంతు సవరించుకున్నాడు. నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో చెల్లెలికి కనపడనివ్వలేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర వెంకటనరసమ్మ ఆగిపోయింది. “నువ్వెళ్లమ్మా. మూడో గది. నేనిక్కడ కూర్చుంటాను. నన్ను చూస్తే అరుస్తాడు.”

గదిలో భాను కళ్లు మూసుకుని ఉన్నాడు. గడ్డం మాసింది. చేతికి సెలైన్ సూది, దాని చుట్టూ తెల్ల ప్లాస్టర్. కాళ్లకి చెరువు బురద ఇంకా పూర్తిగా పోలేదు, గోళ్ల దగ్గర నల్లగా ఉంది. చిక్కిపోయాడు. అమ్మో, ఎంత చిక్కిపోయాడు! నొప్పి మందుల మగతలో కూడా నుదురు ముడుచుకునే ఉంది.

“మీరు ఈయన మనిషేనా అండీ?” అంది నర్సు. “పైకి తీసుకెళ్లబోతున్నాం. నీళ్లడుగుతున్నారు, ఒక్క చుక్క కూడా ఇవ్వకండి. కడుపు ఖాళీగా ఉండాలి, మత్తిస్తారు.”

“అలాగేనండీ” అంది దుర్గ.

మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. ముట్టుకోవాలో వద్దో తెలియలేదు. సూది లేని చెయ్యి మంచం అంచున వాలి ఉంది. దాని పక్కన తన చెయ్యి పెట్టుకుంది, తగలకుండా.

భాను కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు. ఆశ్చర్యపోలేదు. కలలో చూస్తున్నాననుకున్నాడేమో, చాలాసేపు అలాగే చూశాడు. ఎండిపోయిన పెదాలు కదిపాడు.

“దుర్గా... మంచినీళ్లివ్వు.”

పెళ్లయినప్పట్నుంచీ గ్లాసు పట్టుకుని అతని వెంట తిరిగింది. చెరువుకెళ్తుంటే గుమ్మం దాకా వెళ్లి తాగమంది, భోజనం దగ్గర తాగమంది, ఫోన్లో తాగమంది. ఒక్కనాడూ అతను నోరు తెరిచి మంచినీళ్లు అడిగి ఎరగడు. బల్ల మీద ఎవరో పెట్టిన జగ్గు నిండుగా ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. దుర్గ వేళ్లు తమంతట తామే కదిలాయి. పిడికిలి బిగించుకుని ఒళ్లో పెట్టుకుంది.

“ఇవ్వకూడదన్నారండీ. ఆపరేషన్ అయ్యాక ఇస్తాను.”

“కొంచెం. పెదాలు తడుపుకుంటాను.”

“వద్దండీ. నా మాట వినండి.” కళ్లలోంచి నీళ్లు కారిపోతోంటే తుడుచుకోలేదు. “ఒక్క గంట ఓర్చుకోండి, నా తండ్రి కదూ.”

భాను జగ్గు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

“ఇన్నాళ్లూ తాగు తాగమని ప్రాణం తీశావు. ఇవాళ అడుగుతుంటే ఇవ్వనంటున్నావు.” ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “మరెందుకొచ్చావు?”

వేళాకోళమా? నిష్ఠూరమా? ఇంకా కోపమేనా? అతని మాట వినగానే మనసు పసిగట్టే దుర్గకి ఈసారి ఏమీ అందలేదు. జవాబు చెప్పాలి. మీ కోసమని చెప్పాలి. మీరు పిలవకపోయినా వచ్చానని చెప్పాలి. నోరు తెరిచేసరికి తలుపు తోసుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. మంచం చక్రాల తాళం తీశారు.

దుర్గ మంచం పక్కనే నడిచింది. వరండా పొడవునా నడిచింది. లిఫ్టులో గోడకి నొక్కుకుని నిలబడింది. భాను కళ్లు మళ్లీ మూసుకున్నాయి. పై అంతస్తులో పెద్ద తలుపుల దగ్గర ఒకతను ఆమెకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“లోపలికి రాకూడదమ్మా. మీరిక్కడే ఉండాలి. ఎక్కడికీ వెళ్లిపోకండి, ఉంటారు కదా?”

“ఉంటాను” అంది దుర్గ. అతనికి వినపడ్డానికి అంత గట్టిగా అననక్కర్లేదు. వరండాలో కూర్చున్నవాళ్లందరూ తిరిగి చూశారు. “నేనిక్కడే ఉంటాను!” అని మళ్లీ అంది.

లోపలికి వెళ్లిపోతున్న మంచం మీద భాను తల ఇటు తిరిగిందో లేదో చూసేలోపే తలుపు మూసుకుంది.